చదువరుల గోష్ఠి

కావ్యము పూర్తి అయ్యేది కవి గంటము క్రింద పెట్టినప్పుడు కాదు, సహృదయుని మనస్సులో అది పలికినప్పుడు అని భారతీయాలంకారికుల మతము. ధ్వన్యాలోకమునకు వ్యాఖ్య రచించిన అభినవగుప్తుడు సరస్వతీ తత్త్వమునకు కవిని, సహృదయుని ఇరువురినీ ఆశ్రయముగా చెప్పినాడు. చదివేవానికి ఇంతటి గౌరవమిచ్చుట ఆ శాస్త్రమునకు వన్నె తెచ్చిన విషయము. అయితే ఆ శాస్త్రములో సహృదయుడు ఎప్పుడూ ఏకవచనమే. అతడు ఒక్కడే కూర్చుండి ఒక్కడే ఆనందిస్తాడు. ప్రక్కవానితో మాట్లాడడు. నచ్చలేదని వాదించడు. పుస్తకము మూసి, మరునాడు దానిని పొరుగింటివారికి ఇచ్చి, చదివి ఎట్లున్నదో చెప్పుమని అడగడు.

తెలుగునాట సాహిత్యము బ్రతికిన తీరును చూచినప్పుడు వేరొక చిత్రము కనబడుతుంది. ఇక్కడ చదువరి బహువచనము. అరుగు మీద పురాణము విన్నవారు, గ్రంథాలయపు బల్ల చుట్టూ చేరినవారు, వారపత్రిక ఇంటికి రాగానే సీరియలు తరువాయి భాగము కొరకు ఒకరి చేతిలోనుండి మరొకరు లాగుకొన్నవారు, వీరందరూ చదివినారు, చదివినదానిని గూర్చి మాట్లాడినారు. ఆ మాటల బలముతో కొన్ని పుస్తకములు నిలిచినవి; కొన్ని పండితుల ప్రశంస ఉండియు నిలువలేదు. అయినను తెలుగు విమర్శ చరిత్రలలో ఆ మాటకు దక్కిన చోటు బహు స్వల్పము. పీఠికలు, పరిశోధన వ్యాసములు, పండిత వివాదములు లెక్కకు వచ్చినంతగా చదువరుల గోష్ఠి లెక్కకు రాలేదు.

ఈ ఉపేక్ష వలన ఎక్కువ నష్టపోయేవారు చదువరులు కారు, రచయితలు. తన పుస్తకమును గూర్చి చదువరులు తమలో తాము ఏమనుకొంటున్నారో తెలియని రచయిత క్రమముగా సాటి రచయితల కొరకే వ్రాయ నారంభిస్తాడు. నేటి తెలుగు రచన ఈ ప్రమాదమునకు చాల దగ్గరగా ఉన్నది. కనుక ఆ గోష్ఠి పూర్వము ఎట్లు నడచినదో, ఎక్కడ సన్నగిల్లినదో, ఇప్పుడు ఎక్కడ మిగిలి ఉన్నదో విచారించుట అవసరము.

పురాణ కాలక్షేపము దానికి ఒక పాత రూపము. ఒకరు పద్యము చదివేవారు. వేరొకరు అర్థము చెప్పేవారు. వినేవారిలో అక్షరములు రానివారు అనేకులు. అయినా గజేంద్ర మోక్షము, ప్రహ్లాద చరిత్ర మొదలగు ఘట్టములలోని పోతన పద్యములు వారి నోట ఉండేవి. వానలు కురియని ఏట విరాటపర్వము చదివించుట పల్లెలలో ఆచారము. చదివేవాడు, అర్థము చెప్పేవాడు వేరు వేరు మనుషులగుట వలన మూలమునకు వ్యాఖ్యకు నడుమ కొంత ఎడము ఏర్పడేది. ఆ ఎడములోనికి శ్రోత తన ప్రశ్నతో ప్రవేశించేవాడు. ధర్మరాజు ద్రౌపదిని జూదములో ఒడ్డుట న్యాయమా? కర్ణుని పుట్టుక తెలిసియు కుంతి అంతకాలము ఊరకుండుట తగునా? వాలిని చాటునుండి కొట్టుట ఏ ధర్మము? ఈ ప్రశ్నలు పండితులు గ్రంథములలో చర్చించినవే. కాని అరుగు మీద అడిగిన రైతునకు శాస్త్ర నిర్ణయము అక్కరలేదు. తన అన్నదమ్ముల పొలము తగాదా అతని మనస్సులో ఉన్నది. భారతము దాయాదుల కథ గనుక అతనికి అది పరాయి కథ కాలేదు.

కాలక్షేపము అన్న మాట ఆ రోజులలో గౌరవ వాచకము. పురాణ కాలక్షేపము, హరికథా కాలక్షేపము అన్నప్పుడు కాలమును సద్వినియోగము చేయుట అన్న అర్థమే స్ఫురించేది. తరువాతి కాలమున అదే మాట నవలకు అంటినప్పుడు నింద అయినది. కాలక్షేపపు నవల అనగా పని లేనివారు చదివేది. పదిమంది కూడి విన్నప్పుడు మర్యాదగా ఉండిన మాట, ఒక గృహిణి మధ్యాహ్నము ఒంటరిగా చదువుకొన్నప్పుడు తక్కువ మాట అయినది. పఠనమును గూర్చిన దృష్టి ఎట్లు మారినదో ఈ ఒక్క పదము చరిత్ర చెబుతుంది.

అంతమాత్రమున అరుగును స్వర్గముగా చిత్రించుట సరి కాదు. అది అందరిదీ కాదు. ఎవరు పైన కూర్చుండవలెనో, ఎవరు క్రింద నిలువవలెనో కులము నిర్ణయించేది. కొందరికి ఆ వీథిలోనికే ప్రవేశము లేదు. స్త్రీలు తలుపు చాటునుండి విన్నారు. వారి ప్రశ్నలు బయటికి రాలేదు గాని, లేవని చెప్పుటకు వీలులేదు.

20వ శతాబ్దారంభములో గ్రంథాలయోద్యమము ఈ గోష్ఠికి కొత్త ఇల్లు కట్టినది. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, హనుమకొండలో 1904లో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినవి. 1914 ఏప్రిల్ 10న విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగినది. దాని వెనుక అయ్యంకి వేంకటరమణయ్య కృషి ఉన్నది. అధ్యక్షుడు చిలకమర్తి లక్ష్మీనరసింహము. చూపు మాంద్యముతో బాధపడి, ఆంధ్ర మిల్టన్ అని పేరు పొందిన రచయిత ఆ సభకు అధ్యక్షుడగుటలో గొప్ప ఔచిత్యము కలదు. ఇతరులు చదువగా విని, తాను చెప్పగా ఇతరులచేత వ్రాయించిన ఆయనకు, పఠనము ఒంటరి పని కాదని వేరొకరు బోధింప నక్కరలేదు.

వేటపాలెములో 1918లో మొదలైన సారస్వత నికేతనమునకు 1929లో గాంధీజీ చేతుల మీదుగా కొత్త భవనమునకు శంకుస్థాపన జరిగినది. 1935లో పాతూరి నాగభూషణము కొల్లిపర, పెదవడ్లపూడి గ్రామముల నడుమ కాలువ మీద పడవలో గ్రంథాలయము నడిపించినాడు. ఆ పడవను ఊహించుకొన్న చాలు, ఆ ఉద్యమము యొక్క స్వభావము తెలుస్తుంది. పడవ మెల్లగా సాగుతుంది. చేతిలో పుస్తకము ఉన్నది. ప్రక్కన తెలియని మనిషి కూర్చున్నాడు. దిగవలసిన రేవు ఇంకా దూరము. అట్టి చోట పుస్తకమును గూర్చి మాట పుట్టక తప్పదు.

నిజాము రాజ్యములో ఈ గోష్ఠికి మరింత బరువు ఉండేది. అక్కడ ఉర్దూ రాజభాష. విద్యాలయములలో తెలుగునకు చోటు కొరత. సభ జరుపుటకు ప్రభుత్వానుమతి కావలసి వచ్చేది. అట్టి స్థితిలో భాషానిలయమునకు పోయి తెలుగు పుస్తకము తెరచుట ఒక పక్షము వహించుటతో సమానము. 1934లో సురవరము ప్రతాపరెడ్డి సంపాదకత్వమున 354 మంది కవుల పద్యములతో గోలకొండ కవుల సంచిక వెలువడినది. ఇక్కడ తెలుగు కవులు లేరన్న ఆక్షేపణకు అది సమాధానము. అంతమంది కవులు ఉండుటకు ముందు వారిని చదివేవారు, వినేవారు ఎక్కడో కూడుతూ ఉండవలె. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకములు మోసుకొని ఊరూరా తిరిగి అమ్మినాడు. అట్లు అమ్మేవాడు పుస్తకమును ఇచ్చి ఊరకపోడు. ఇందులో ఏమున్నదో చెప్పక తప్పదు. కొన్నవాడు మరుసటిసారి కనబడినప్పుడు ఏమి తోచినదో చెప్పక మానడు. ఆ విధముగా అమ్మకము కూడ ఒక సంభాషణ అయినది.

గ్రంథాలయపు గదిలో మౌనము నియమము. కాని వరండాలో మాటయే నియమము. ఉదయము పత్రిక రాగానే ఒకరు బిగ్గరగా చదివేవారు, నలుగురు వినేవారు. వార్తల తరువాత కథ, కథ తరువాత వాదము. చందా ఇచ్చిన సభ్యులే గ్రంథాలయమును నడిపినందున ఏ పుస్తకము తెప్పించవలె, ఏది అక్కరలేదు అన్నది వారు వాదులాడుకొని నిర్ణయించేవారు. చలము పుస్తకము బీరువాలో ఉంచవలెనా వద్దా అన్న తగవు ఎన్ని చోట్ల రేగినదో లెక్క లేదు. ఆ తగవులో పుస్తకమును చదివినవాడు, చదువనివాడు ఇరువురూ పాల్గొన్నారు. చదువనివాడు తరువాత రహస్యముగా చదివినాడు.

1948లో మద్రాసు రాష్ట్రమునకు, 1955లో హైదరాబాదు రాష్ట్రమునకు, 1960లో ఆంధ్రప్రదేశమునకు గ్రంథాలయ చట్టములు వచ్చినవి. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు వసూలయినది. భవనములు, ఉద్యోగులు, పుస్తకములు సమకూడినవి. ఇది మేలు కాదని ఎవరును అనలేరు. కాని పుస్తకముల ఎంపిక సభ్యుల వాదమునుండి కార్యాలయపు జాబితాలోనికి పోయినది. దాని ఫలితము రచన మీద పడినది. గ్రంథాలయముల కొనుగోలునే నమ్ముకొని ఇన్ని ప్రతులు వేయుట, ఆ కొనుగోలు ఆగినప్పుడు ప్రచురణ ఆగుట తెలుగు రచయితలందరకు అనుభవములోనిదే. కొన్నది ఎవరో తెలుసు. చదివినది ఎవరో తెలియదు. ఇట్టి పుస్తకము బీరువాలో భద్రముగా ఉంటుంది, ఎవరి నోటను ఉండదు.

గ్రంథాలయపు వరండా పలుచబడిన కాలముననే గోష్ఠి వేరొక చోట ఒత్తుగా మొలిచినది. అది వారపత్రికల సీరియళ్ల చుట్టూ, అద్దె పుస్తకముల దుకాణముల చుట్టూ అల్లుకొన్నది. 1950 తరువాతి మూడు దశాబ్దములలో తెలుగు ఇండ్లలో నవలా పఠనము విస్తరించినంతగా అంతకు ముందెన్నడును విస్తరింపలేదు. ఎమెస్కో వంటి సంస్థలు చిన్న పరిమాణపు నవలలను తక్కువ ధరకు ఇంటింటికి చేర్చినవి. కొనలేనివారికి వీథి మలుపున అద్దె దుకాణము ఉండేది. కొంత సొమ్ము డిపాజిటు, రోజుకు ఇంత అద్దె. ఖాకీ రంగు అట్ట, చిరిగిన అంచులు, ఒకొకప్పుడు లేని చివరి పుటలు. పుట అంచున పెన్సిలుతో పూర్వపు చదువరి వ్రాసిన అభిప్రాయము ఉండేది. దాని క్రింద మరొకరి ఖండన. ముఖములు చూచుకొనని ఇద్దరు చదువరులు ఒక పాత్రను గూర్చి పోట్లాడుకొన్న ఆ పుటలను ఏ గ్రంథాలయమును భద్రపరచలేదు. తెలుగు విమర్శకు అది పూడని లోటు.

ఈ గోష్ఠిలో ప్రధాన భాగము స్త్రీలది. తలుపు చాటునుండి పురాణము విన్నవారి కుమార్తెలు, మనుమరాండ్రు ఇప్పుడు పుస్తకము తమ చేతనే పట్టినారు. వ్రాసినవారిలోను స్త్రీలు ముందు వరుసలో నిలిచినారు. పురుషులు కొందరు స్త్రీల పేర్లు పెట్టుకొని నవలలు వ్రాసినారనుటయే ఆ ప్రాబల్యమునకు సాక్ష్యము. విమర్శకులలో అనేకులు ఈ నవలలను కలల వ్యాపారమని త్రోసిపుచ్చినారు. ధనవంతుడైన నాయకుడు, పెద్ద కారు, అపార్థములు, చివర కల్యాణము అన్న చట్రమును ఎత్తిచూపినారు. చట్రమును గూర్చి వారు చెప్పినది నిజమే. కాని ఆ నవలను చదివిన స్త్రీలు తమలో తాము మాట్లాడుకొన్నది చట్రమును గూర్చి కాదు. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'లో జయంతి ఉద్యోగము చేసుకొని బ్రతుకుతున్న ఆడపిల్ల. రాజశేఖరము ఎంత గొప్పవాడైనను ఆమె తన అభిమానమును వదలుకొనదు. ఆమె అట్లు మాట్లాడవచ్చునా, అంత పట్టుదల తగునా, ఉద్యోగము లేకున్న ఆ మాట అనగలిగేదా అన్న ప్రశ్నలు వంటింటిలో, కార్యాలయపు మధ్యాహ్న విరామములో, కళాశాల వసతిగృహములో చర్చకు వచ్చినవి. అరుగు మీద రైతు భారతమును తన పొలము తగాదాకు అన్వయించుకొన్నట్లే, వీరు నవలను తమ జీతమునకు, తమ పెండ్లికి, తమ అత్తవారింటికి అన్వయించుకొన్నారు. విమర్శకుడు నవలను చదివినాడు గాని ఆ సంభాషణను వినలేదు. విని ఉన్నచో ఆ నవలలు గొప్ప నవలలని అని ఉండడు. అవి ఎందుకు అవసరమైనవో మాత్రము తెలిసికొని ఉండేవాడు.

ఆ కాలముననే పుస్తకమును గూర్చిన మాటను ఒక రచనా ప్రక్రియగా పెంచినవారు మాలతీ చందూర్. 'హృదయనేత్రి' నవలకు 1992లో సాహిత్య అకాడెమి పురస్కారము పొందిన ఈ రచయిత్రి, స్వాతి మాసపత్రికలో 'పాత కెరటాలు' శీర్షికతో ఆంగ్ల నవలలను తెలుగు పాఠకులకు ఏళ్ల తరబడి పరిచయము చేసినారు. ఆ పరిచయములలో సిద్ధాంతము తక్కువ, కథ ఎక్కువ. చదివిన పుస్తకమును పొరుగింటి ఆమెకు చెప్పే ధోరణి అది. మూలము చదివే అవకాశము లేనివారికి అదే మూలమైనది. కథా సారము తెలిసిన తరువాత నవల చదువ నక్కరలేదని కొందరు తృప్తి పడియుందురన్న ఆక్షేపణకు తావున్నది. అయినను ఇంగ్లీషు తెలియని గృహిణికి ప్రపంచ నవల తనది కాదన్న సంకోచము ఆ శీర్షిక వలన తొలగినది. విమర్శ తన భాషను సడలించుకొనక, చదువరి భాషను అరువు తెచ్చుకొని ఎంత దూరము పోగలదో అది నిరూపించినది.

ఇంతకు చదువరుల మాట పుస్తకమునకు చేసే మేలు ఏమి? గురజాడ 'కన్యాశుల్కము' ఇందుకు మంచి నిదర్శనము. 1892లో ప్రదర్శితమై, 1897లో ముద్రితమై, 1909లో మరల విస్తృతముగా తిరిగి వ్రాయబడిన ఈ నాటకము నేటికిని తెలుగువారి మాటలో ఉన్నది. దానిని చదువనివారు కూడ గిరీశమును ఎరుగుదురు. ఊరిలో ఫలానావాడు రామప్పంతులు అన్నప్పుడు వ్యాఖ్య అక్కరలేదు. పాత్ర పేరు జాతివాచకమగుట ఏ విమర్శకుని ప్రశంస వలనను జరిగే పని కాదు. పదిమంది నోట పడి, అరిగి, నిలిచినప్పుడే జరుగుతుంది. మధురవాణిని గూర్చిన వాదము మరింత ఆసక్తికరము. ఆమెను పతితగా చూచినవారు, నాటకములో అందరికంటె వివేకవతిగా చూచినవారు, రచయిత తన మాటను ఆమె నోట పలికించినాడన్నవారు ఉన్నారు. రెండవ కూర్పులో ఆమె పాత్ర పెరిగినది. తరతరములుగా ఆమె పక్షమున వాదించినవారి వలన ఆమె చదువరుల మనస్సులో మరికొంత పెరిగినది.

శ్రీశ్రీ 'మహాప్రస్థానము' గ్రంథముగా వెలువడినది 1950లో. అందలి ఖండికలలో ఎక్కువ భాగము 1930 దశకములో వ్రాసినవి. పుస్తకము రాకముందే అవి యువకుల కంఠములలో ఉన్నవి. ఒకరి నోటినుండి ఒకరు నేర్చుకొని, ప్రతులు వ్రాసికొని పంచుకొన్నారు. ముద్రణ ఆ కవిత్వమునకు ఆరంభము కాలేదు. అప్పటికే ఉన్న ప్రసిద్ధికి అది ముద్ర వేసినది.

చదువరుల మాటకు దోషములు లేకపోలేదు. అన్నిటికంటె పెద్ద దోషము పాత్రను పొరుగువానిగా భావించి తీర్పు చెప్పుట. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లో దయానిధి తన తల్లికి వచ్చిన అపవాదు నీడలో బ్రతుకుతాడు. అతడు చేతకానివాడని, నిర్ణయము తీసుకొనలేడని విసుగుకొన్న చదువరులు అనేకులు. ఆ విసుగు సహజమే. కాని ఆ చేతకానితనమే నవలకు వస్తువని, దానిని అంత లోతుగా చూపుటయే రచయిత సాధించినదని గుర్తించుటకు కొంత ఓర్పు కావలె. గోష్ఠిలో ఆ ఓర్పు గలవాడు ఒక్కడైనను ఉన్నప్పుడు సంభాషణ మలుపు తిరుగుతుంది. లేనప్పుడు నచ్చినది, నచ్చలేదు అన్న రెండు మాటల నడుమ పుస్తకము నలిగిపోతుంది.

రెండవ దోషము అధికారము. సీరియలు నడుస్తూండగా వచ్చే ఉత్తరములకు లోబడి కథను సాగదీసిన రచయితలు, చంపదలచిన పాత్రను బ్రతికించినవారు లేకపోలేదు. వినుటకు లొంగుటకు భేదము ఉన్నది. పురాణము చెప్పేవాడు శ్రోత ప్రశ్నకు సమాధానము చెప్పినాడు గాని, శ్రోత కోరినాడని కర్ణుని గెలిపించలేదు. చదువరి మాట రచయితకు సాక్ష్యము; ఆజ్ఞ కాదు. ఈ భేదము మరచిన రచయిత జనప్రియుడగును గాని, తన చదువరులకే కొంత కాలమునకు విసుగు పుట్టిస్తాడు.

ఇక నేటి స్థితి. తెలుగువారు చదువుట మానినారన్న విలాపము తరచు వినబడుతున్నది. అది పూర్తిగా నిజము కాదు. హైదరాబాదులోను విజయవాడలోను ఏటేటా జరిగే పుస్తక ప్రదర్శనలకు వచ్చే జనసమూహమును చూచినవారు అట్లనరు. కొరవడినది పఠనము కంటె ఎక్కువగా, చదివినదానికి ఒకరికి జవాబుదారి అయ్యే చోటు. అరుగు మీద, వరండాలో, వంటింటిలో మాట్లాడినవానికి ఎదుట మనిషి ఉండేవాడు. ఎందువలన బాగున్నది అని అతడు అడిగేవాడు. పుస్తకము తెరచి చూపవలసి వచ్చేది. ఇప్పుడు పుస్తకమును గూర్చిన మాట చాలవరకు ప్రకటన అయినది. ఏడాదిలో ఇన్ని పుస్తకములు చదివినట్లు లెక్క చెప్పుకొనుట ఒక వాడుక. ఆ లెక్కలో ఏ పుస్తకము తనను ఇబ్బంది పెట్టినదో, ఏది రెండవసారి చదివినప్పుడు మారినట్లు తోచినదో ఉండదు.

సాహిత్య సభలు ఈ లోటును తీర్చవలసినవి. వానిలో ఎక్కువ భాగము ఆవిష్కరణ సభలు. వేదిక మీద పదిమంది. వారిలో పుస్తకమును పూర్తిగా చదివినవారు ఇద్దరు. మిగిలినవారు రచయితతో తమ స్నేహమును వర్ణిస్తారు. అది స్నేహ ధర్మమే గాని సాహిత్య ధర్మము కాదు. ఎదుట కూర్చున్నవారు పుస్తకమును అప్పటికి చూచి ఉండరు గనుక ప్రశ్న అడుగుటకు అవకాశమే లేదు. పుస్తకము పుట్టిన రోజుననే దానిని గూర్చిన మాట ముగిసిపోతుంది. ఆరునెలల తరువాత, చదివినవారితో, వేదిక లేకుండ మరొక సభ జరుపుట అరుదు. రచయితలు కోరుకొనవలసినది ఆ రెండవ సభను.

అది అసాధ్యము కాదనుటకు ఒక నిదర్శనము తెలుగు నేలకు బహుదూరమున ఉన్నది. అమెరికాలోని డిట్రాయిట్ నగర ప్రాంతపు తెలుగువారు 1998లో ఒక సాహితీ సంఘముగా ఏర్పడి, నెలకొకసారి కూడి, ముందుగా ఎంచుకొన్న పుస్తకమును చర్చించే పద్ధతి పెట్టుకొన్నారు. నియమము మిక్కిలి సరళము: చదివి రావలె, తరువాత మాట్లాడవలె. వారిలో వృత్తిరీత్యా సాహిత్యముతో సంబంధము లేనివారు అనేకులు. 1914 నాటి విజయవాడ సభ కోరినది ఇటువంటి చదువరులనే.

ప్రవాసమున మరొక మార్పు కూడ కానవస్తున్నది. తెలుగు మాట్లాడగలిగి తెలుగు లిపి చదువలేని పిల్లలు విదేశములలోనే కాదు, బెంగుళూరు, బొంబాయి, ఖరగ్‌పూర్ వంటి చోట్ల, చివరకు హైదరాబాదు విజయవాడలలోను పెరుగుతున్నారు. వీరికి తెలుగు సాహిత్యము చేరవలెనన్న ఎవరైనను చదివి వినిపింపవలసినదే. 1947లో మొదలైన చందమామను ఒక తరము తల్లిదండ్రులు పిల్లలకు అట్లు చదివి వినిపించినారు. చెవితో వినే సాహిత్యము మరల అవసరమైనది. అక్షరము రాని శ్రోత అరుగు క్రింద ఉండేవాడు. ఇప్పుడు అతడు ఇంగ్లీషు చదువుకొని ఇంటిలోనే ఉన్నాడు. అతనికి చదివి వినిపించునప్పుడు అతడు అడిగే ప్రశ్నకు సమాధానము చెప్పుటకు పెద్దలు సిద్ధపడవలె. ఈ పదమునకు అర్థమేమి అన్న ప్రశ్న తరువాత, ఈ మనిషి ఇట్లెందుకు చేసినాడు అన్న ప్రశ్న తప్పక వస్తుంది. సాహిత్యము ఆరంభమయ్యేది ఆ రెండవ ప్రశ్నతో.

తెలుగు రచయితలు దేశములో అనేక రాష్ట్రములలో విడివిడిగా ఉన్నారు. ఒకరి పుస్తకము మరొకరికి అందుట కష్టము. అందినప్పుడు పరస్పర ప్రశంసతో పని ముగియుట సులభము. రచయితను పాఠకుల ముందు నిలిపే సభలు సాహిత్య సంస్థలు జరుపుతున్నవి. పాఠకుని రచయితల ముందు నిలిపే సభ కూడ ఉండదగినది. ఒక ఉపాధ్యాయిని, ఒక బస్సు కండక్టరు, ఒక రైల్వే ఉద్యోగి తాము చదివిన ఒక్క పుస్తకమును గూర్చి అరగంట మాట్లాడగా రచయితలు క్రింద కూర్చుండి వినవలె. వారు చెప్పినదంతా ఒప్పుకొన నక్కరలేదు. వ్రాసికొని భద్రపరచిన చాలు. అద్దె పుస్తకముల అంచులలో పోయినది కొంతయైన ఇట్లు దక్కుతుంది.

అభినవగుప్తుని సహృదయుడు అద్దము వంటి మనస్సు కలవాడు. అద్దము తనయందు పడినదానిని చూపుతుంది, ఎదురు మాట్లాడదు. అరుగు మీద కర్ణుని పక్షము వహించిన రైతు, జయంతి పట్టుదలను గూర్చి వంటింటిలో వాదించిన గృహిణి అద్దములు కారు. వారి మాటలో పొరపాట్లు ఉన్నవి, పక్షపాతము ఉన్నది, ఒకొకప్పుడు మోటుదనము ఉన్నది. అయినను తెలుగు కావ్యములు, నాటకములు, నవలలు ఇంతకాలము నిలిచినది ఆ మాట మీదనే. దానిని వినే ఓపిక రచయితకు ఉన్నంతకాలము అతని పుస్తకమునకు బీరువా బయట చోటు ఉంటుంది.